మండువా ఇంట్లోకి దొంగ మళ్ళీ మళ్ళీ రావాలంటే

గేమ్ లెవెల్‌ని కష్టం చేయమంటే చాలామందికి ముందు తోచేది కాపలావాళ్ళను పెంచడం. ఈజీలో ఇద్దరుంటే హార్డ్‌లో ఎనిమిదిమంది. తుపాకులు పేల్చే గేముల్లో అది పనిచేస్తుందేమో గానీ, చీకట్లో నక్కుతూ పోయే స్టెల్త్ గేముల్లో అలా చేస్తే పెరిగేది ఎదురుచూపే. ఎనిమిదిమందీ ఒకేసారి అటు తిరిగేదాకా ఆడేవాళ్ళు ఒక మూల నిలబడి గోడ చూస్తుండాలి. ఒకసారికి ఓపిక పట్టి ముగిస్తారు. రెండోసారి ఆ లెవెల్ జోలికి పోరు.

నేను కొంతకాలంగా ది డార్క్ మాడ్ అనే స్టెల్త్ గేమ్ కోసం ఒక మిషన్, అంటే ఒక లెవెల్, తయారుచేస్తున్నాను. ఇప్పుడు చివరి మెరుగుల్లో ఉంది. కష్టం ఎంత ఉండాలి, ముగించినవాళ్ళు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టాలి అనే ఆలోచనే దీంట్లో నా సమయం ఎక్కువ తినేసింది. నేను చేరిన చోటు ఇది: ఇల్లు మారకూడదు, ఆ ఇంట్లో రాత్రి మారాలి. ఎలాగో చెప్పాలనే ఈ పోస్టు రాస్తున్నాను.

తెలియనివాళ్ళకు కొంచెం వెనక సంగతి. 1998లో లుకింగ్ గ్లాస్ స్టూడియోస్ వాళ్ళు థీఫ్ అనే గేమ్ తెచ్చారు. అందులో మనం దొంగ. ఎదురుపడి కత్తి దూస్తే నెగ్గడం కష్టం. నీడల్లో, అడుగు చప్పుడు కాకుండా పోవాలి. 2000లో రెండో భాగం వచ్చింది, అదే ఏడాది కంపెనీ మూతపడింది. అభిమానులు మాత్రం డ్రోమెడ్ అనే ఎడిటర్‌తో సొంత మిషన్లు చేసుకుంటూనే పోయారు. అదే తరహాలో, అభిమానులే డూమ్ 3 అనే ఇంకో గేమ్ ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద ది డార్క్ మాడ్ కట్టారు. అది 2009లో విడుదలైంది. 2013 నుంచి డూమ్ 3 అవసరం లేకుండా దానంతట అదే నడుస్తోంది. పైసా ఖర్చు లేదు. మిషన్లు చేసుకునే ఎడిటర్ డార్క్‌రేడియంట్, అదీ ఉచితమే.

థీఫ్‌లో నార్మల్, హార్డ్, ఎక్స్‌పర్ట్ అని మూడు ఉండేవి. ఎక్స్‌పర్ట్‌కి పోతే ముఖ్యంగా మారేది మన పని. ఇంకా ఎక్కువ సొత్తు ఎత్తుకురావాలి, మనుషుల్ని చంపకూడదు. ఇల్లు అదే, తలుపులు అవే, కానీ నిన్న దాటుకుంటూ పోయిన గదిలోకి ఇవాళ తప్పనిసరిగా దూరాలి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి కన్నా మంచిది నాకు కనబడలేదు.

నేను ఒంగోల్లో ఒక ఇంజినీరుగారి ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. పొద్దంతా సెట్‌బ్యాకులు, మెట్ల కొలతలు, తూర్పు వాకిలి గొడవలు. అందుకేనేమో, మిషన్ అనుకోగానే కోటల జోలికి పోకుండా కందుకూరు వైపు మా అమ్మమ్మ వాళ్ళ మండువా ఇల్లు తీసుకున్నాను. డార్క్ మాడ్ ప్రపంచం యూరప్ పాతకాలపు నగరంలా ఉంటుంది కాబట్టి గోడలకీ తలుపులకీ ఆ వేషమే వేశాను, యజమానిని రాళ్ళ వ్యాపారిని చేశాను. లోపలి ప్లాన్ మాత్రం అమ్మమ్మ ఇల్లే. వీధి అరుగు, నడవ, మధ్యలో ఆకాశం కనబడే మండువా, చుట్టూ స్తంభాల వసారా, వెనక వంటిల్లు, ధాన్యం కొట్టు, పెరడు, పైన అటక.

స్టెల్త్ గేమ్‌కి ఇంతకన్నా మంచి ఇల్లు దొరకదు, నిజం. డార్క్ మాడ్‌లో స్క్రీన్ కింద ఒక చిన్న రత్నం ఉంటుంది. మన మీద ఎంత వెలుతురు పడుతోందో దాని కాంతి చెబుతుంది. కాగడా అడ్డమైతే నీటి బాణం వేసి ఆర్పొచ్చు. వెన్నెలని ఆర్పలేం! మండువాలోంచి దిగే వెన్నెల ఇంటి నడిమధ్యన ఒక పెద్ద తెల్లటి చదరం పరుస్తుంది. ఏ గది నుంచి ఏ గదికి పోవాలన్నా దాని అంచున పోవాలి, లేదా తెగించి అడ్డంగా దాటాలి. దగ్గరి దారా, రిస్కు ఎక్కువ. దారి దూరమా, వసారాలో ఎవరో ఒకరు తగులుతారు. నేనేమీ చేయకుండానే ఇల్లే ఆ సమస్య తయారుచేసి పెట్టింది.

తర్వాత నేల. ఈ ఇంజిన్‌లో ప్రతి మెటీరియల్‌కీ ఇది రాయి, ఇది చెక్క, ఇది తివాచీ అని రకం ఉంటుంది, అడుగుల చప్పుడు దాన్నిబట్టే. వసారా అంతా నునుపు రాయి వేశాను. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గుర్తొచ్చేలా నల్లటి రాయిలో బంగారు చుక్కలున్న టెక్స్చర్ సొంతంగా తయారుచేసుకున్నాను. చూపుకి అందం, పరిగెత్తితే ఇల్లంతా మోగుతుంది. పెరడు మట్టి, అక్కడ కాళ్ళకి స్వేచ్ఛ. మండువా అడుగున తూము దగ్గర నిలిచిన నీళ్ళలో కాలు పెడితే చిందిన శబ్దం. ఇవన్నీ మూడు డిఫికల్టీల్లోనూ ఒకేలా ఉంచాను, అంగుళం కదపలేదు. ఒకసారి ఆడినవాళ్ళు సంపాదించుకున్నది ఈ జ్ఞానమే. ఏ రాయి మోగుతుందో, ఏ తలుపు కిర్రుమంటుందో తెలిసి రెండోసారి వస్తారు. గోడలు మార్చేసి, దార్లు మూసేసి వాళ్ళ దగ్గర్నుంచి అది లాగేసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అలాంటి మిషన్లు ఆడాను. హార్డ్ పెట్టగానే తెలిసిన కిటికీకి ఊచలు మొలుస్తాయి. కోపం తప్ప ఏమీ రాదు.

మరి మారేదేంటి? రాత్రి జాములు.

మూడు డిఫికల్టీలకీ మూడు జాములు పేర్లుగా పెట్టాను, సులువు నుంచి కష్టానికి తలకిందులుగా. మూడో జాము సులువు: అర్ధరాత్రి దాటింది, ఇల్లు నిద్రలో ఉంది, కాపలా ఇద్దరే. రెండో జాము నడిమి మెట్టు: యజమాని లెక్కలు చూసుకుంటూ మేలుకున్నాడు, ముసలాయనకి నిద్ర పట్టలేదు. మొదటి జాము అన్నిటికన్నా కష్టం: భోజనాలు ఇప్పుడే అయ్యాయి, వంటింట్లో గిన్నెలు కడుగుతున్నారు, దీపాలన్నీ వెలుగుతున్నాయి. కాపలావాళ్ళు మాత్రం అప్పుడూ ఇద్దరే. పెరిగింది ఇంటివాళ్ళ మెలకువ.

వెన్నెల కూడా జాముని బట్టి జరుగుతుంది. పున్నమి రాత్రి మొదటి జాములో చంద్రుడు తూర్పున కిందుగా ఉంటాడు, వెలుతురు ఏటవాలుగా పడమటి వసారాలోకి దూరుతుంది. అర్ధరాత్రి దగ్గరపడే కొద్దీ నడినెత్తికి వస్తాడు, మండువా అడుగు మాత్రమే తెల్లగా ఉంటుంది. మూడో జాములో పడమటికి వాలి తూర్పు వసారాని వెలిగిస్తాడు. డార్క్ మాడ్‌లో వెలుతురూ నీడలూ ఎప్పటికప్పుడు లెక్కగట్టేవే కాబట్టి ఇది పెద్ద పని కాలేదు. మూడు చంద్రులు పెట్టాను, ప్రతి దానికీ అక్కర్లేని డిఫికల్టీల్లో పుట్టకూడదని ఒక గుర్తు ఇచ్చాను. మూడో జాములో హాయిగా దాక్కున్న పడమటి స్తంభం మొదటి జాములో పట్టపగల్లా ఉంటుంది. స్తంభం అక్కడే ఉంది, ఎవరూ మోసం చేయలేదు. ఆడేవాళ్ళు ఒక్కసారి పైకి చూస్తే అర్థమైపోతుంది.

(మండువా ఇల్లు ఈ ఇంజిన్‌కి మాత్రం కొంచెం బరువే. కంటికి ఆనే గదులన్నీ కంప్యూటర్ గీయాలి కాబట్టి గదికీ గదికీ మధ్య గుమ్మాల్లో విస్‌పోర్టల్స్ పెడతాం. తలుపు మూస్తే అవతలి గది గీయక్కర్లేదు. మండువాలో నిలబడితే గుమ్మాలన్నీ ఒకేసారి కనబడతాయి. అందుకే నా ఇంట్లో తలుపులు ఎక్కువ, అవి మూసి ఉండడమూ ఎక్కువ.)

ఇక కాపలావాళ్ళ తిరుగుడు. దీని మీద ఎక్కువసేపు కూర్చున్నాను. ఒకడు 40 సెకన్లకో చుట్టు, ఇంకొకడు 60 సెకన్లకో చుట్టు తిరిగాడనుకోండి. ప్రతి 120 సెకన్లకీ ఇద్దరూ మొదట ఎక్కడున్నారో అక్కడికే వస్తారు. రెండు నిమిషాలు గమనించినవాళ్ళకి ఇల్లు మొత్తం కంఠతా వచ్చేస్తుంది. అదే చుట్లు 37, 53 సెకన్లు అయితే? ఇద్దరూ కలిసి అదే స్థితికి రావడానికి 1961 సెకన్లు పడుతుంది, అరగంట పైమాట. ఒక్కొక్కడినీ చూస్తే గడియారంలా నడుస్తాడు, ఎప్పుడు తిరుగుతాడో చెప్పొచ్చు. ఇద్దరినీ కలిపి చూస్తే మాత్రం ప్రతిసారీ కొత్త సందు తెరుచుకుంటుంది. పైగా తలుపు తీయడానికి ఆగడం, ఒకరికొకరు ఎదురైతే పలకరించుకోవడం లాంటివాటితో ఆ లెక్క కూడా ఇంకాస్త జారుతుంది. కాబట్టి కంఠస్థం పనికిరాదు, చూసి పోల్చుకోవడం పనికొస్తుంది. ఆడేవాళ్ళు ఎక్కడా అరనిమిషం కన్నా ఎక్కువ ఊరికే నిలబడకూడదని ఒక హద్దు పెట్టుకుని, ప్రతి చుట్టునీ దానికి తగ్గట్టు కుదించాను.

పూర్తిగా అనుకోనిది, అంటే రాండమ్, చాలా తక్కువ వాడాను. ఎడిటర్‌లో నడక దారిని చుక్కలు చుక్కలుగా పెడతాం. ఒక చుక్క నుంచి రెండు చుక్కలకి గీత కలిపితే, అక్కడికి వచ్చినప్పుడల్లా ఆ మనిషి ఏదో ఒక దారి తనే ఎంచుకుంటాడు. ఈ స్వేచ్ఛ ఇంట్లో ఒక్కరికే ఇచ్చాను, లాంతరు పట్టుకు తిరిగే కోడలికి. వంటింట్లోంచి బయటికొచ్చి ఆమె ధాన్యం కొట్టు వైపు పోవచ్చు, పెరటి వైపు పోవచ్చు. ఎటు పోయినా ఆమె కన్నా ముందు లాంతరు వెలుగు గోడ మీద ఊగుతూ వస్తుంది. ఆ వెలుగు చూసిన దొంగకి రెండు మూడు అడుగుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధి లేకపోతే ఆమెను అలా వదిలేదాన్ని కాదు. ముందు వినబడకుండా, కనబడకుండా దెబ్బ తీసే రాండమ్ ఏదైనా సరే, దొరికినవాడికి తన తప్పేంటో తెలియదు. తప్పు తెలియనివాడికి ఇంకోసారి ఆడాలన్న పట్టుదల ఎక్కణ్ణుంచి వస్తుంది?

కాపలావాళ్ళలో ఒకడికి చేతికర్ర ఇచ్చాను. మా వీధిలో రాత్రి తిరిగే గూర్ఖా కరెంటు స్తంభం మీద కర్రతో కొడతాడు, ఆ టంగుమనే చప్పుడుని బట్టి ఆయన ఏ సందులో ఉన్నాడో మంచంమీద నుంచే చెప్పొచ్చు. నా కాపలావాడు కూడా ప్రతి మూలా నేల మీద కర్ర తాటిస్తాడు. రాయి మీద ఒక మోత, పెరటి మట్టిలో ఒక మోత. చెవితోనే వాడి జాడ తెలిసిపోతుంది కాబట్టి వాణ్ణి వేగంగా నడిపించగలిగాను.

ఇనప్పెట్టె తాళంచెవి మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: తలుపు వెనక మేకుకి, పూజగదిలో పెట్టెలో, ముసలాయన తలగడ కింద. మిషన్ మొదలవగానే చిన్న స్క్రిప్టు ఒకటి ఎంచుతుంది. ఊరికే వెతికించడం నాకిష్టం లేదు, అందుకని తాళంచెవి ఉన్న చోటుని బట్టి మనుషుల తీరూ మారేలా చేశాను. తలగడ కింద ఉన్న రాత్రి ముసలాయన మంచం దిగడు. పూజగదిలో ఉంటే ఆ గుమ్మంలో దీపం ఆరనివ్వరు. నీటి బాణంతో ఆర్పినా కాసేపటికి ఎవరో ఒకరు వచ్చి మళ్ళీ వెలిగిస్తారు. ఇంటిని గమనించేవాళ్ళకి తాళంచెవి ఎక్కడుందో గది గది గాలించకుండానే తెలుస్తుంది.

మొదటి జాములో ఇంకో షరతు: పెట్టె తెరిచాక తాళంచెవిని తీసిన చోటే పెట్టి పోవాలి. ఈ షరతు ఎలా పనిచేస్తుందో మా తమ్ముడు ఆడుతుండగా చూశాను. వాడుండేది కావలిలో, పండక్కి వచ్చినప్పుడు కూర్చోబెట్టాను. వెనక కుర్చీలో కూర్చుని నోరు మెదపకూడదని నా నియమం. టెస్టింగ్‌లో సలహా ఇచ్చామంటే ఇక ఆ టెస్టింగ్ వృథా. వాడు లోపలికి పోయేటప్పుడు తూర్పు వసారాలో పోయి, మేకు మీద తాళంచెవి తీసి, పెట్టె తెరిచి, ఉత్సాహంగా వెనక్కి తిరిగాడు. ఈలోపు మండువా అంచున ఉన్న వెండి దీపపు సెమ్మె మాయమైందని కాపలావాడు పసిగట్టాడు. డార్క్ మాడ్‌లో ఎదురుగా ఉండే వస్తువు కనబడకపోతే వాళ్ళకి అనుమానం వచ్చేలా పెట్టొచ్చు. వచ్చిన దారిలోనే ఇప్పుడు ఒకడు నిలబడి చీకట్లోకి తొంగి చూస్తున్నాడు. "ఏందక్కా, ఈడు ఇక్కడికెందుకొచ్చాడు?" అన్నాడు. నేను పలకలేదు. స్తంభం వెనక అలాగే కూర్చుని, రత్నం మీద నుంచి కన్ను తీయకుండా, కాసేపటికి వాడే అన్నాడు: "సెమ్మె చివర్లో తీసుంటే పోయేది." వెంటనే మొదటికి పోయి మళ్ళీ మొదలుపెట్టాడు. దోచే వరస కూడా ఒక నిర్ణయమని వాడికి నేను చెప్పలేదు, ఇల్లే చెప్పింది. అన్నం చల్లారిపోతోందని అమ్మ కేకేసేదాకా లేవలేదు.

మా మరదలు ఇలాంటి గేము ఎప్పుడూ ఆడలేదు. తను మూడో జాములో మొదలుపెట్టి నడవ దాటడానికే చాలాసేపు తీసుకుంది, ఒక్కో అడుగూ ఊపిరి బిగబట్టి. దొరికిపోయినప్పుడు మాత్రం, "వదినా, నేను పరిగెత్తాను కదా, అందుకే" అని తనకు తానే చెప్పుకుంది. ఆ మాట విన్నాక సులువు మెట్టులో ఏమీ తగ్గించక్కర్లేదని నిశ్చయించుకున్నాను. సులువు మెట్టులో భయం తీసేయకూడదు. తప్పు చేశాక సర్దుకునే వీలు ఎక్కువ ఇవ్వాలి, అంతే. అందుకని మూడో జాములో కాపలావాళ్ళ వెతుకులాట త్వరగా చల్లబడుతుంది, దీపాలు తక్కువ కాబట్టి దాక్కునే మూలలు దగ్గర దగ్గరగా ఉంటాయి.

సొత్తు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎంత కష్టమైన మెట్టులోనైనా ఇంట్లో ఉన్నదంతా దోచుకురమ్మని అడగకూడదు. అడిగితే చివరి పావుగంట ఒక్క నాణెం కోసం బల్లల కింద దేవులాడడమే అవుతుంది. అప్పటికి కాపలావాళ్ళంటే భయం కూడా పోయి ఉంటుంది. నేను మొదటి జాములో కూడా మొత్తంలో మూడోవంతు వదిలేసినా సరిపోయేలా పెట్టాను. దాంతో ఒకరు ధాన్యం కొట్టు జోలికే పోకుండా ముగిస్తారు, ఇంకొకరు యజమాని గది వదిలేస్తారు. మిగిలిపోయిన గది ఒకటి ఉంటే అది చూడ్డానికైనా మళ్ళీ వస్తారు.

అడుగడుగుకీ సేవ్ చేసుకుంటూ ఆడేవాళ్ళ మీద చాలామంది మిషన్లు చేసేవాళ్ళకి చిరాకు. నాకు లేదు. ఎవరి వీలు వాళ్ళది. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆడే మనిషిని సేవ్ చేయొద్దని నేనెలా అంటాను? దాన్ని ఆపే బదులు ఫలితాలు ఆలస్యంగా వచ్చేలా చూశాను. ఆర్పిన దీపం, తీసిన సెమ్మె, తెరిచి వదిలేసిన తలుపు, వీటి ప్రభావం అప్పటికప్పుడు తగలదు. కాసేపటి తర్వాత, ఇంకో గదిలో ఉండగా తగులుతుంది. ఒక్క నొక్కుతో వెనక్కి పోయి సరిచేసుకునేంత దగ్గరలో ఆ కారణం ఉండదు. అందుకని సేవ్ చేసుకునేవాళ్ళు కూడా జరిగినదాంతోనే ముందుకు పోతున్నారు, ఆట అక్కడే రసకందాయంలో పడుతోంది.

ఇంకా తేలనిది పైకప్పు. తాడు బాణం చెక్కకి గుచ్చుకుని ఎక్కడానికి తాడు వేలాడేస్తుంది, మండువా చుట్టూ టేకు దూలాలు. బాణం వేసి ఎగబాకితే పెంకుల మీదికి, అక్కణ్ణుంచి అటక మీదికి పోవచ్చు. బాగా ఆడేవాళ్ళు ఇది చూడగానే కింద ఇంటిని మొత్తం వదిలేసి పైనుంచే పోతారు. మొదటి జాములో ఆ దారి మూసేద్దామా అని చాలా ఆలోచించాను. మూయలేదు. పెంకుల మీద అడుగు మోగుతుంది, అటక పలకలు సరిగ్గా ముసలాయన మంచం మీదుగా పోతాయి, తాడు బాణం ఒక్కటే ఇచ్చాను కాబట్టి ఎక్కినవాళ్ళు దాన్ని పీకి వెంట తీసుకుపోవాలి. ఇవి చాలు. నా లెక్క ప్రకారం, తాళంచెవి తలుపు వెనక మేకుకి ఉన్న రాత్రి దాన్ని తిరిగి పెట్టడానికి పైనుంచి దారి లేదు, కిందికి దిగి వెన్నెల్లో నడవాల్సిందే. తమ్ముడు మాత్రం ఉందని పందెం కాస్తున్నాడు, కావలి నుంచి రోజూ ఫోన్ చేసి కొత్త ఫైల్ పంపమంటున్నాడు. వాడు కనిపెడితే ఆ దారినీ అలాగే ఉంచుతాను. కాకపోతే అక్కడ ఏ పలక కిర్రుమనాలో చూసుకోవాలి.